పన్నెండు నిమిషాల ఖాళీ

సీసాల ఫ్యాక్టరీలో ఆమెకు రెండు పేర్లు పెట్టారు. మొదటి పదకొండేళ్ళూ డేగకన్ను అన్నారు. ఆ తర్వాత కునుకమ్మ అన్నారు. రెండూ పెట్టింది ఆ మనుషులే, అదే క్యాంటీనులో, అదే నీళ్ళ టీ తాగుతూ. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పలకలేదు గనుక మనమూ దాని జోలికి పోవద్దు.

ఆమె పని వినడానికి మహా సుఖంగా ఉంటుంది. కుర్చీలో కూర్చుని చూడడం, అంతే. కొలిమిలోంచి వచ్చి నిదానంగా చల్లారిన సీసాలు బెల్టు మీద బారులు తీరి, తెల్లగా వెలిగే ఒక లైటు పలక ముందునుంచి పోతుంటాయి. వెంట్రుకవాసి పగులున్నది, గాలిబుడగ ఉన్నది, మెడ వంకరపోయింది, అడుగు పల్చబడింది ఏదో కనిపెట్టి, చెయ్యి చాపి తీసి, పక్కనున్న పీపాలో పడేయాలి. ఇరవై నిమిషాలు చూశాక లేచిపోయి ఇంకో ఇరవై నిమిషాలు అట్టపెట్టెలు మడవాలి. ఇరవై దాటితే ఎంతటివాళ్ళ కళ్ళైనా అబద్ధాలు మొదలెడతాయి. "చూడ్డమేగా, అదీ ఒక పనేనా" అని నోరు పారేసుకున్న గుమాస్తాని ఒకసారి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనిమిదో నిమిషంలో తలకాయ పట్టుకుని లేచి వెళ్ళినవాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. షిఫ్టుకు పది దొంగ సీసాలు. ఇన్‌ఛార్జి మేడమ్ పాడైన సీసాలు పది ఏరి, అడుగున ఆవగింజంత ఎర్రచుక్క పెట్టి, ఎవరికీ తెలియకుండా బెల్టు మీద వదులుతుంది. షిఫ్టు అయ్యాక పీపాలో వెతికి, ఎన్ని పట్టారో చెబుతుంది. ఎనిమిది పడితే శెభాష్. డేగకన్ను పదికి పది పట్టేది. ఒకరోజు మేడమ్ మర్చిపోయి తొమ్మిదే వదిలితే, "పదోది మీ కోటు జేబులో ఉండిపోయిందేమో చూసుకోండి మేడమ్" అంది. చూస్తే ఉంది.

అవి దగ్గుమందు సీసాలు. ఎక్కువగా పిల్లలు తాగే మందు. పగులున్న సీసా ఒక్కటి జారిపోతే మందుతో పాటు గాజురవ్వ ఏ పసిగొంతులోకో దిగుతుంది. ఆ సంగతి ఆమె ఏనాడూ మర్చిపోలేదు. నా కళ్ళ ముందునుంచి పాడైంది దాటిపోదు అన్నది ఒక్కటే ఆమెకు ఉన్న గర్వం. నగల మీద మోజు లేదు, చీరల మీద లేదు, ఉన్నదల్లా ఆ కుర్చీ మీదే.

మొగుడు బస్సు డ్రైవరు. పొద్దున పదకొండింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదికి దిగే డ్యూటీ, యాభై రెండు సీట్ల బండి. మనిషి దిట్టం. తలా మెడా ఒకటే మందం. గురక పెట్టాడంటే గూట్లో గిన్నెలు కబుర్లాడుకునేవి. ఆమె దీనికి పూర్తిగా విరుద్ధం. సన్నగా ఎండుపుల్లలా ఉంటుంది, పడుకుంటే చప్పుడుండదు. "పడుకుందో పోయిందో ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలి" అని డ్రైవరు నలుగురిలో నవ్వించేవాడు. ఆ నవ్వుల్లో ఆమె కూడా కలిసేది.

ఇలా ఉండగా ఆయన కంపెనీలో ఇంకెవరో డ్రైవరు కునికి, బస్సు తీసుకెళ్ళి రోడ్డు మధ్య గోడకి కొట్టాడు. దేవుడి దయవల్ల ఎవరూ పోలేదు. కంపెనీ భయపడి, గురక జబ్బు ఉంటుందేమోనని మెడ లావుగా ఉన్నవాళ్ళందరూ నిద్ర పరీక్ష చేయించుకుని కాగితం తేవాలని హుకుం వేసింది. క్లినిక్కువాళ్ళు టిఫిను డబ్బా అంత పెట్టె ఒకటి ఇచ్చారు. ఛాతీకి బెల్టు, ముక్కు కింద సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. ఒక రాత్రి ఇంట్లోనే తగిలించుకుని పడుకుని, మర్నాడు తిరిగిచ్చేయాలి. ఊపిరి ఎలా నడిచిందో పెట్టె రాసుకుంటుంది.

డ్రైవరు ఆ పెట్టెని బల్ల మీద పెట్టి, పాముని చూసినట్టు చూశాడు.

"నా గురక సంగతి నీకు తెలుసుగా" అన్నాడు పెళ్ళాంతో. "ఇది నాకు కడితే రేపట్నుంచి నా చేతిలో స్టీరింగుండదు. డిపోలో కూర్చోబెట్టి టైర్లు లెక్కపెట్టిస్తారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఒక్క రాత్రి నువ్వు కట్టుకోవే. నువ్వు పిట్టలా పడుకుంటావు. నీది చూసి ఇలాంటి గొంతు ఇంకోటి లేదంటారు."

"తప్పు కదండీ?"

"తప్పే. చేసేద్దాం."

ఇలాంటి తెలివితేటలు మొగుడూ పెళ్ళాలకే వస్తాయి. గురక ఉంటే జబ్బు, లేకపోతే ఆరోగ్యం, అదీ ఇద్దరి లెక్క. ఆ రాత్రి ఆమె బెల్టు కట్టుకుని పడుకుంది. తెల్లవారుజామున నాలుగూ పదికి ఎప్పట్లాగే లేచింది, ఎందుకంటే వాళ్ళ వీధికి నీళ్ళు ఆ వేళకే వస్తాయి. క్లిప్పూ గొట్టమూ తీసి పక్కన పెట్టి, మోటారు వేసి, ట్యాంకు నిండాక వచ్చి మళ్ళీ తగిలించుకుని ఆరింటిదాకా పడుకుంది. డ్రైవరు ఏడింటిదాకా లేచే మనిషి కాదు.

మూడు వారాల తర్వాత ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా "పాస్" అన్నాడు. అయితే అలా అనేటప్పుడు ఆమె ముఖం చూడలేదు. ఆమె అది పట్టించుకోలేదు. సీసాల మీద పనిచేసే కన్ను మొగుడి మీద ఎందుకు పనిచేస్తుంది?

ఆ నెలలోనే ఆయనకి ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. ఒకరోజు వాలుగా ఉండే దిండొకటి చంకలో పెట్టుకొచ్చాడు. "బస్సులో ఎవరో మర్చిపోయారు, నువ్వు వేసుకో" అన్నాడు. చూస్తే దుకాణం కాగితం ఇంకా అంటుకునే ఉంది. రాత్రిళ్ళు తనకి మెలకువ వస్తే ఆమె భుజం మీద తట్టి "పక్కకి తిరుగు, పక్కకి తిరిగి పడుకో" అనేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఎటు తిరిగి పడుకుందో అడగని మనిషి! ఆమె మురిసిపోయి క్యాంటీనులో చెప్పుకుంది. "ముసలితనంలో ముద్దొస్తున్నావేమో" అని తోటివాళ్ళు ఏడిపించారు. ఆమె సిగ్గుపడింది. ఈ సిగ్గుని గుర్తుపెట్టుకోండి, దీన్ని తలచుకుని తర్వాత ఆమె చాలా ఏడ్చింది.

ప్రేమ పెరిగింది గాని ఒంట్లో సత్తువ పెరగలేదు. పొద్దున లేస్తే తల దిమ్ముగా, నోరు బెండులా ఉండేది. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాళ్ళు మోసి వచ్చినట్టుండేది. పొయ్యి మీద పాలు పెట్టి ఎందుకు నిలబడ్డానా అని ఆలోచించేది. రక్తం తక్కువన్నారు, ఐరన్ మాత్రలు మింగింది. థైరాయిడేమో అన్నారు, పరీక్ష చేస్తే కాదన్నారు. దిగులేమో అన్నారు, దేనికి దిగులో ఆమెకే తెలియలేదు. లైటు పలక ముందు కూర్చుంటే పదో నిమిషానికి సీసాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయేవి. కళ్ళు తెరిచే ఉండేవి, చూపు మాత్రం ఉండేది కాదు.

ఒకనాడు మేడమ్ పీపాలో వెతికి "ఏడు" అంది. ఇంకో వారం "ఆరు" అంది. ఆ తర్వాత ఒకరోజు "నాలుగు" అని, గొంతు తగ్గించి, "ఆరు దాటిపోయాయమ్మా. ఇవి దొంగవి కాబట్టి సరిపోయింది. నిజమైనవి ఎన్ని పోయాయో నాకు తెలీదు, నీకూ తెలీదు" అంది.

ఆమెకు తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రమే కుర్చీ ఇంకొకరికిచ్చి ఆమెని అట్టపెట్టెలకి జిగురు పూసే మిషను దగ్గరికి పంపారు. నిలబడి చేసే పని. అక్కడైనా నిద్ర రాదనుకున్నారు. వచ్చింది. నిలబడి నిద్రపోయేది గుర్రమొకటీ నువ్వొకదానివీ అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, కునుకమ్మ పేరు అప్పుడే ఖాయమైంది.

ఆ రాత్రి అన్నం పెడుతూ మొగుణ్ణి అడిగింది. "నాకేమన్నా జబ్బంటారా?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగి అన్నాడు. "నీకు జబ్బేమిటే, గుండ్రాయిలా ఉంటేనూ. నలభై ఆరు వచ్చాయి. వయసు."

ఆమె నమ్మింది. ఇంక వయసే అనుకుని జిగురు పూసింది.

ఇలా ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం జిగురు రోలరు మీదికి ఆమె చెయ్యి వాలిపోబోతుంటే మేడమ్ రెక్క పట్టి లాగింది. తిట్టబోయి, ముఖం చూసి, తిట్టడం మానేసి అడిగింది. "పొద్దున్నే తలనొప్పా? నోరెండిపోతుందా? ఎంత పడుకున్నా చాలదా? మా అన్నయ్యకి అచ్చం ఇలాగే ఉండేది. ఇప్పుడు రాత్రిళ్ళు మాస్కు పెట్టుకుని పడుకుంటాడు, కొత్తపెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. చీటీ రాసిస్తా, క్లినిక్కుకి వెళ్ళు. నిజంగా జబ్బే అయితే నయం చేయించుకుని రా. మళ్ళీ దొంగ సీసాలు వదులుతా. పదికి తొమ్మిది పట్టావా, నీ కుర్చీ నీదే."

చీటీ మీద క్లినిక్కు పేరు చూసి డ్రైవరు ముఖం మాడింది. "అక్కడికెందుకు? వాళ్ళది వట్టి దోపిడీ. నాకు తెలిసినాయన ఇంకోచోట ఉన్నాడు, వచ్చే నెల తీసుకెళ్తా" అన్నాడు. వచ్చే నెలలంటే ఆమెకు విసుగొచ్చింది. ఆయన డ్యూటీలో ఉన్న పూట ఒక్కతే వెళ్ళింది.

అక్కడ పెట్టెలిచ్చే అమ్మాయి బెల్టు ఎలా కట్టుకోవాలో చూపించబోయేలోపు ఆమె చేతులు వాటంతటవే కట్టేసుకున్నాయి. "ముందే తెలుసా మీకు?" అంది అమ్మాయి. "ఇంట్లో చూశాను" అని తడబడింది. ఆ రాత్రి మొగుడు గురక అందుకున్నాక కట్టుకుని, ఆయన లేవకముందే విప్పేసింది.

నాలుగోరోజు డాక్టరు ఆమె రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాడు. పెద్దాయన, మాటలు తూచి వేసే రకం.

"మనం నిద్రపోతే ఒళ్ళంతా వదులవుతుందమ్మా. గొంతు కండరాలూ వదులవుతాయి. కొందరికి ఆ వదులులో ఊపిరి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, ఇరవై, ముప్పై, ఊపిరి ఉండదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు కంగారుపడి ఒక్క కుదుపు కుదిపితే గొంతు తెరుచుకుంటుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. లేచినట్టు మీకు గుర్తు కూడా ఉండదు. స్లీప్ ఆప్నియా అంటారు దీన్ని. గంటకి ఐదుసార్ల లోపైతే పట్టించుకోం. ముప్పై దాటితే తీవ్రమైనదే. మీకు నలభై మూడు."

"రాత్రికా?"

"గంటకి."

ఏడు గంటలకి మూడొందల పైచిలుకు. రాత్రికి మూడొందలసార్లు తను ఆగిపోయి మళ్ళీ మొదలైందన్నమాట. ఇన్నాళ్ళూ దాన్ని పడుకోవడం అనుకుంది.

"నాకు గురక లేదండీ. లావూ కాను."

"గురక అందరికీ గట్టిగా రాదు. ఆడవాళ్ళలో చాలామందికి అలసట, తలనొప్పి, మతిమరుపు, దిగులు, ఇలా బయటపడుతుంది. అందుకే వయసనీ, రక్తం లేదనీ తిప్పి పంపేస్తుంటారు. లావు ఒక కారణం మాత్రమే. మీ గడ్డం కాస్త లోపలికుంది, నాలుక వెనక చోటు తక్కువ. పైగా నెలసరి ఆగే వయసు, అప్పుడు ఇది ఎక్కువవుతుంది. వదిలేస్తే బీపీ, గుండె, అన్నిటికీ చేటు. పగలు మిషను దగ్గరో స్టీరింగు దగ్గరో కళ్ళు మూతపడితే ఇంక చెప్పేదేముంది."

డాక్టరు రిపోర్టుని ఫైల్లో పెట్టబోయాడు. ఆ క్లినిక్కులో ఇంటికొక ఫైలు. మనిషికొకటి పెడితే బీరువాలు చాలవని అలా అలవాటు చేసుకున్నారు. ఫైలు తెరిస్తే అందులో డ్రైవరు కాగితాలు రెండున్నాయి.

"ఓ, ఆయన మీవారా? ఆయన కేసు నాకు గుర్తుంది. మొదటిసారి నలభై ఒకటి వచ్చింది. బెల్టు జారిపోయింది, అది లెక్కలోకి రాదని గొడవపెట్టి మళ్ళీ తీయించుకున్నారు. రెండోసారి రెండే. నాకు నచ్చక, ఆసుపత్రిలోనే పడుకోబెట్టి తీద్దామన్నాను. వాళ్ళ కంపెనీవాళ్ళు రెండోది చాలన్నారు."

మాట్లాడుతూనే మూడు కాగితాలూ బల్ల మీద దీపం కింద పరిచాడు. మూడింటిలోనూ రాత్రంతా సాగిన సన్నటి గీతలు. ఆమె చూసింది. ఎంత కునుకమ్మ అయినా ఆ కన్ను ఎక్కడికి పోతుంది? తన కాగితంలో నాలుగూ పది దగ్గర గీతలు తెగిపోయి, నాలుగూ ఇరవై రెండు దగ్గర మళ్ళీ మొదలయ్యాయి.

"ఈ ఖాళీ ఏమిటమ్మా?" అన్నాడు డాక్టరు.

"నీళ్ళ మోటారండీ. నాలుగూ పదికి లేచి..."

వేలు తన కాగితం మీదనుంచి మొగుడి మొదటి కాగితం మీదికి జరిగి అక్కడే ఆగిపోయింది. నాలుగూ పది, నాలుగూ ఇరవై రెండు. అదే ఖాళీ, అవే పన్నెండు నిమిషాలు. రెండో కాగితంలో ఖాళీ లేదు, గీతలు తెల్లారేదాకా చక్కగా సాగిపోయాయి.

డాక్టరు కాగితాల వంకా ఆమె వంకా చూశాడు. ఆమె "మళ్ళీ వస్తానండీ" అని లేచి, బయట బెంచీ మీద కూలబడింది.

నలభై ఒకటి తనది. అది ఆయన కళ్ళారా చూశాడు. పద్నాలుగు నెలల క్రితం చూశాడు. పాస్ అన్నాడు. కుర్చీ పోయిన రోజు ముద్ద నమిలి మింగి మరీ గుండ్రాయిలా ఉన్నావన్నాడు. తనకి పేరు పెట్టి నవ్వుతున్నారని చెప్పుకుని ఏడిస్తే వీపు నిమిరాడు. నిమిరే చెయ్యికి తెలుసు ఆ వీపులో ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో. పక్కకి తిరిగి పడుకోమన్నది ప్రేమ కాదు, డాక్టరు ఆయనకి చెప్పిన వైద్యం. వాలు దిండూ అదే. జబ్బు సంగతి దాచిపెట్టి, దాని వైద్యం మాత్రం దొంగచాటుగా అందించాడు. ఆమె దాన్నే మురిపెమనుకుని ఊరంతా చాటుకుంది. పరాయివాడెవడైనా మోసం చేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. ఒకే దిండు మీద తల పెట్టుకునే మనిషి చేస్తే తిట్టడానికి కూడా నోరు రాదు.

ఆ మర్నాడు పొద్దున ఆయన డ్యూటీకి షర్టు ఇస్త్రీ చేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"రెండోది ఎవరికి కట్టారు?"

ఇస్త్రీపెట్టె ఆగింది. "ఏది?"

"మొదటిది నాకు కట్టారు. రెండోది ఎవరికి?"

"తమ్ముడికి" అన్నాడు. తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. "ఏం చెయ్యనే? నీకు చెబితే నువ్వు డాక్టరు దగ్గరికి పరిగెడతావు. వాళ్ళ దగ్గర ఫైలొకటే. చూడగానే పట్టేస్తారు. ఇద్దరం దొంగలమవుతాం. నా ఉద్యోగం పోతుంది. నిన్ను గాలికొదిలేశానా చెప్పు? దిండు తేలేదా? రాత్రిళ్ళు లేచి నిన్ను తిప్పి పడుకోబెట్టలేదా?"

"దిండు నాకు తెచ్చారా, మీ ఉద్యోగానికి తెచ్చారా?"

షర్టు మాడిన వాసన వచ్చింది. ఆయన గబుక్కున పెట్టె పైకెత్తాడు. "ఇప్పుడేమైంది, ఇక నీకు వైద్యం దొరుకుతుందిగా. జరిగిందేదో జరిగింది. నోరు మెదపకు" అన్నాడు.

ఆమె నోరు మెదపలేదు. క్షమించి కాదు, ఓపిక లేక.

తర్వాత వారం మాస్కు వచ్చింది. ముక్కు మీద కూర్చునే మెత్తటి రబ్బరు, దానికో గొట్టం, గొట్టానికి ఇటుకంత మిషను. డాక్టరే దగ్గరుండి పట్టీలు సరిచేశాడు. "ఇది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. మెల్లగా తోస్తూ ఉంటుంది. తడిసి అతుక్కున్న సంచి మూతిలోకి ఊదితే విచ్చుకోదూ, అలా గొంతుని తెరిచి ఉంచుతుంది" అన్నాడు. జబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకి పళ్ళ డాక్టరు చేసిచ్చే నోటి పట్టీ సరిపోతుందట, లావు వల్ల వచ్చినవాళ్ళకి బరువు దిగితే తగ్గొచ్చట, కొందరికి ఆపరేషనట. ఆమె నలభై మూడుకి ముందు ఇదే. "తగ్గాక తీసేయొచ్చా?" అని అడిగితే, "కళ్ళజోడు తీస్తే కనబడుతుందా? ఇదీ అంతే. పెట్టుకున్న రాత్రికే పనిచేస్తుంది" అన్నాడు. రోజూ ఎన్ని గంటలు పెట్టుకుందో, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో మిషనులోని కార్డు రాసుకుంటుంది. నెల తర్వాత కార్డు తెచ్చి చూపించాలి.

మొదటి రెండు రాత్రులు నరకం. ముఖం మీద ఎవరో చెయ్యి పెట్టినట్టుంది. నోరు తెరిస్తే గాలి బుస్సుమని బయటికొచ్చింది. ముక్కు మీద ఎర్రగా పట్టీ గుర్తు పడింది. ఒకసారి తీసి విసిరికొట్టి, మళ్ళీ తనే వెతుక్కుని పెట్టుకుంది. క్లినిక్కుకి వెళ్ళి ఒక సైజు చిన్నది మార్పించుకుంది, నోరెండకుండా మిషనులో నీళ్ళ తొట్టి పెట్టించుకుంది. మూడోరాత్రి ఎప్పుడు పట్టిందో తెలియదు. నాలుగూ పదికి లేచి మోటారు స్విచ్చి దగ్గర నిలబడితే ఏదో తేడాగా ఉంది. ఏమిటా అని చాలాసేపు ఆలోచించింది. తల నొప్పిగా లేదు. అంతే తేడా.

వారానికి వంట రుచి తెలిసింది. రెండు వారాలకి పక్కవాళ్ళు అన్న మాటలు గుర్తుండడం మొదలైంది. మూడో వారంలో కోపం వచ్చింది. కోపానికి కూడా నిద్ర కావాలని ఆమెకు అప్పుడే తెలిసింది. పద్నాలుగు నెలలు తన దగ్గర్నుంచి ఏం లాక్కున్నారో అది తిరిగొచ్చాకే లెక్క తేలింది. ప్రతి పొద్దునా హాయిగా లేచేది, లేచి పక్కన గురక పెడుతున్న మొగుణ్ణి చూసేది, ఇంత హాయిని నాకు దక్కకుండా చేశావా అని ఒళ్ళు మండేది.

నెల నిండే ముందురోజు మేడమ్ ఆమెని లైటు దగ్గర కూర్చోబెట్టింది. ఇరవై నిమిషాలు. పలక తెల్లగా, సీసాలు దేనికది విడివిడిగా. పీపాలో వెతికి మేడమ్ నవ్వింది. "తొమ్మిది. చాలు. డాక్టరు చీటీ తేగానే వచ్చి కూర్చో."

ఏడుస్తుందనుకున్నారు. ఆమె ఏడవలేదు. "ఆ ఒక్కటీ ఎక్కడ పోయింది మేడమ్?" అంది.

మర్నాడు డ్రైవరుకి సెలవు. తిండి తిని, పేపరు ఛాతీ మీద పరుచుకుని, కుర్చీలోనే వెనక్కి వాలి నిద్రపోయాడు. మధ్యాహ్నం ఎండ సగం ముఖం మీద పడుతోంది. ఆమె ఎదురుగా కూర్చుని బట్టలు మడత పెడుతోంది. గురక గూట్లో గిన్నెల్ని కదిలిస్తూ సాగి సాగి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంతకాలం అలా ఆగినప్పుడల్లా హమ్మయ్య అనుకునేది. ఈసారి ఆమె లెక్కపెట్టింది. పది. ఇరవై. పేపరు కదలడం లేదు. ముప్పై. పెదాల రంగు మారింది. ముప్పై ఎనిమిది దగ్గర ఒళ్ళంతా ఒక్క కుదుపుతో ఊపిరి లోపలికి దూసుకుపోయింది, పేపరు జారి కింద పడింది, ఆయన కళ్ళు తెరవకుండానే మళ్ళీ గురక అందుకున్నాడు. ఐదు నిమిషాల్లో నాలుగుసార్లు ఆగింది.

మడత పెట్టిన బట్టలు ఒళ్ళోనే ఉండిపోయాయి. యాభై రెండు సీట్లు గుర్తొచ్చాయి. తల్లుల ఒళ్ళో పసివాళ్ళు గుర్తొచ్చారు. పదకొండేళ్ళు పగిలిన సీసా ఒక్కటి దాటనివ్వని మనిషి తను. ఇంట్లో మాత్రం ఒకదాన్ని తెలిసి తెలిసి బెల్టు మీద వదిలింది. ఆ బెల్టు తన ఛాతీకే కట్టుకుంది. ఆయన తనని మోసం చేశాడు, నిజమే. ఆయన్ని నమ్మి ఆ బండెక్కినవాళ్ళని ఇద్దరూ కలిసి మోసం చేశారు.

సాయంత్రం క్లినిక్కుకి బయల్దేరుతుంటే డ్రైవరు తనూ వస్తానన్నాడు. ప్రేమ కొద్దీ కాదని ఇద్దరికీ తెలుసు. డాక్టరు ఎదురుగా ఆమె పక్కనే కూర్చుని, మోకాలు ఊపుతూ, గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

డాక్టరు కార్డు కంప్యూటరులో పెట్టి చూసి, కళ్ళజోడు పైకి తోశాడు. "నలభై మూడు కాస్తా మూడయింది. బ్రహ్మాండం. రోజూ ఏడు గంటలు పెట్టుకున్నారు. చీటీ రాసేస్తా, మీ కుర్చీలో మీరు కూర్చోవచ్చు." రాసి, సంతకం పెట్టి, ఆమె కాగితాల్ని ఇంటి ఫైల్లో పెట్టడానికి అట్ట తెరిచాడు.

"ఒక్క నిమిషమండీ" అంది ఆమె.

డ్రైవరు మోకాలు ఆగింది. "పదవే, ఆలస్యమవుతోంది" అన్నాడు మెల్లగా. ఆమె కొంగు బల్ల కింద ఆయన వేళ్ళలో బిగుసుకుంది. లాగి విడిపించుకుంది.

డాక్టరు చేతిలోంచి ఫైలు తీసుకుని, దీపం కింద పరిచి, మొగుడి పేరున్న రెండు కాగితాల మీదా వేలు పెట్టింది.

"ఈ మొదటిది నాదండీ. రెండోది మా మరిదిది" అంది. "మావారిది ఇంకా ఎవరూ తీయలేదు."